జపాన్ మాస్టారూ, చైనా బావమరిదీ

జపాన్ మాస్టారు జపాన్‌ను ఎన్నడూ చూడలేదు. ఆ మాట ఆయన ముఖం మీద అన్నవాడెవడూ మళ్ళీ ఆ మెట్లెక్కిన దాఖలా లేదు.

మెట్లంటే కుట్టుమిషన్ల దుకాణం పక్కనుంచి పైకి పోయే ఇరుకు సిమెంటు మెట్లు. పైన రెండే గదులు. రోడ్డు వైపు నాలుగు కిటికీల పెద్ద హాలు, వెనక ఒక చిన్న గది. ఆ చిన్న గది కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ చేతికి తగిలేది. హాల్లో మాస్టారు సాయంత్రాలు జపనీసు భాష నేర్పేవాడు. మనిషి చీపురుపుల్లకు చొక్కా తొడిగినట్టు ఉండేవాడు గానీ, గొంతు విప్పితే కింద దుకాణంలో మిషన్లు ఆపుకోవాల్సిందే. తప్పు చదివినవాడి మీదకు సుద్దముక్క విసిరేవాడు. గురి తప్పేది కాదు.

ఆ భాష ఆయనకు వయసులో ఉండగా అబ్బింది. పంపుల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసే రోజుల్లో, యంత్రాలు బిగించడానికి ఒక జపాన్ ఇంజనీరు వచ్చి, పని సాగి సాగి మూడేళ్ళు ఉండిపోయాడు. సాయంత్రాలు తోచక ఈ ఫిట్టరును కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు. గీత వంకరపోతే స్కేలుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడట. "ఏడిపించి నేర్పాడు గనకే నిలిచింది. నవ్వుతూ నేర్చుకున్నది నవ్వులపాలే అవుతుంది" అనేవాడు మాస్టారు. ఇంజనీరు వెళ్ళిపోయాక, ఆ దేశం నుంచి ఎవరొచ్చినా ఫ్యాక్టరీ పెద్దలకు ఈయనే దిక్కయ్యాడు. కోట్లు వేసుకున్న మేనేజర్లు ఈయన నూనె మరకల చొక్కా వెనక నిలబడి "ఏమన్నాడు, ఏమన్నాడు" అని అడుగుతుంటే ఆ రుచి మరిగాడు. ఉద్యోగానికి నీళ్ళొదిలి హాలు అద్దెకు తీసుకున్నాడు.

కాలం కలిసొచ్చింది. పశ్చిమ జర్మనీని వెనక్కి నెట్టి జపాన్ ప్రపంచంలో రెండో పెద్ద ఆర్థిక వ్యవస్థగా కూర్చుని అప్పటికే చాలా ఏళ్ళయింది. ఎవరింట్లో చూసినా వాళ్ళ రేడియో, ఏ రోడ్డు మీద చూసినా వాళ్ళ మోటారుసైకిలు. త్వరలో అమెరికాను కూడా దాటేస్తుందని పత్రికలు పందాలు కాసినట్టు రాసేవి. ఇంజనీర్లు, కెమెరాల ఏజెంట్లు, మోటారు విడిభాగాల వ్యాపారుల కొడుకులు మాస్టారి హాల్లో చోటుకోసం సిఫార్సులు పట్టుకొచ్చేవాళ్ళు. ఆయన కుర్చీ వెనక గోడకు ఒక నల్లబల్ల బిగించి, దానిమీద పది మెట్ల నిచ్చెన గీయించాడు. ఏటా కొత్త లెక్కలు రాగానే మెట్టుకో దేశం పేరు సుద్దతో రాసేవాడు. కింది మెట్ల మీద పేర్లు అటూ ఇటూ అవుతూనే ఉండేవి. ఒక ఏడాది ఇటలీ తన చాటుమాటు వ్యాపారాలన్నీ కూడా లెక్కలో కలిపేసుకుని బ్రిటన్‌ను దాటేశానని చాటింపు వేసుకుంది. మాస్టారు ఆ రోజు బ్రిటన్ పేరును ఎంత ఇష్టంగా చెరిపాడంటే, సుద్దపొడి ముందు వరుసవాళ్ళ కళ్ళలో పడింది.

"తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు" అన్నాడు. ఆ సామెతకు రెండో సగం తనకు కూడా వర్తిస్తుందని అప్పుడాయనకు తట్టలేదు.

"మన దేశం ఏ మెట్టు మీదుంది మాస్టారూ?" అని ఒక కుర్రాడు అడిగాడు.

"ఈ నిచ్చెన నేలదాకా లేదురా. కూర్చో."

హాలంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. పరాయి దేశపు గెలుపును ఆయన ఒంటికి చొక్కాలా తొడుక్కున్నాడు. ఆ చొక్కా విప్పితే తాను మళ్ళీ ఫిట్టరే.

వెనక చిన్న గదిలో అప్పట్లో ఒకావిడ రష్యన్ నేర్పేది. ఆ పెద్ద దేశం ముక్కలైన ఏడాది ఆవిడ విద్యార్థులు చెప్పాపెట్టకుండా మానేశారు. చివరి నెలలో ఒక్కడే వచ్చేవాడు. పుస్తకాలు మూట కట్టుకుంటున్న ఆవిడ దగ్గరికి మాస్టారు వెళ్ళి, పరామర్శకు బదులు, "గది ఎప్పుడు ఖాళీ అవుతుంది?" అని అడిగాడు. ఆవిడ మూట ముడి వేస్తూనే "మీరు కాస్త పక్కకి తప్పుకుంటే ఇప్పుడే" అంది.

ఆయన నోటికి బయటివాళ్ళ కన్నా ఎక్కువగా బలైనవాడు ఇంట్లోనే ఉన్నాడు, భార్య తమ్ముడు. తల్లీతండ్రీ పోతే పదేళ్ళవాణ్ణి అక్క తన దగ్గరికి తెచ్చుకుంది. మాస్టారు తిండికి లోటు చేయలేదు. మాటకు మాత్రం లోటు లేకుండా అన్నీ అన్నాడు. ఎదిగాక తన పాఠంలో కూర్చోబెట్టాడు. వాడికి ఆ గీతలు కుదిరేవి కావు. చెవితో విన్నది ఇట్టే పలికేవాడు గానీ, చేతికొచ్చేసరికి అక్షరాలు తాగుబోతుల్లా తూలేవి. ఒక పరీక్షలో వాడు రాసిన కాగితాన్ని మాస్టారు మెట్ల దగ్గర గోడకు అంటించి, పైన ఎర్రసిరాతో రాశాడు: "ఇలా రాయకూడదు."

ఆ కాగితం నెల రోజులు ఉంది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ చదివి నవ్వుకున్నారు. అక్క వెళ్ళి చింపేయబోతే తమ్ముడే ఆపాడు. "ఉండనీ అక్కా. బావ ముచ్చట తీరనీ."

ముచ్చట తీరకముందే వాడు ఇల్లు వదిలాడు. తాళాలు, మడతబందులు, కుళాయిలు దిగుమతి చేసుకునే వర్తకుడి దగ్గర చేరాడు. ఆ వర్తకుడు సరుకు ఏరి పంపడానికి వాణ్ణి చైనాలో ఒక రేవుపట్నానికి పంపాడు. "బొమ్మలు కొనుక్కోడానికి పోయాడు" అనేవాడు మాస్టారు, ఎవరడిగినా. వాడు అక్కడ ఆరేడేళ్ళు గోదాముల్లో, లారీల మీద, టీ బల్లల దగ్గర బేరాలాడుతూ, రాయడం సంగతి పక్కనపెట్టి ముందు నోటితో ఆ భాషను పట్టేశాడు. తరవాత చేతితో కూడా.

వాడు తిరిగొచ్చేనాటికి మాస్టారి హాల్లో ప్రతిధ్వని మొదలైంది. జపాన్ ఉత్పత్తి ఒకప్పుడు డాలర్ల లెక్కన అమెరికా ఉత్పత్తిలో నూటికి డెబ్బై వంతుల దాకా ఎగబాకి, అక్కడే కాళ్ళు పట్టేసినట్టు ఆగిపోయింది. నిచ్చెన మీద రెండో మెట్టయితే వదల్లేదు గానీ, చోటుకోసం సిఫార్సులు తెచ్చేవాళ్ళు మాత్రం కనబడలేదు. రష్యన్ ఆవిడ పోయాక తీసుకున్న వెనక గది అక్కర్లేక మాస్టారు వదులుకున్నాడు. ఇంటి యజమాని, అంటే కింద కుట్టుమిషన్ల కొట్టాయన, దాన్ని ఎవరికిచ్చాడో బోర్డు తగిలించాక గానీ తెలియలేదు.

"చైనీస్ నేర్పబడును. వ్యాపారులకు ప్రత్యేక తరగతులు."

మాస్టారు దుకాణంలోకి దిగి కేకలేశాడు. "పాలు పోసి పెంచిన పామును తెచ్చి నా పక్కలోనే పెడతావా?"

కొట్టాయన మిషనుకు నూనె వేస్తూ తలెత్తలేదు. "మాస్టారూ, నాకు పాముల భాషా రాదు, మనుషుల భాషలూ రావు. అద్దె భాష ఒక్కటే వచ్చు."

ఆ రోజు నుంచి ఆ మెట్ల మీద పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఇద్దరి తరగతులూ ఒకే వేళకు. ఇక్కడ ఒక వాక్యం వల్లె వేయిస్తుంటే అక్కడ రాగం తీసినట్టు మరో వాక్యం. మాస్టారు గొంతు పెంచితే బావమరిది విద్యార్థుల చేత మూకుమ్మడిగా పలికించేవాడు. మాస్టారు రెండు గదుల మధ్య వరండాలోని బల్బు పీకేశాడు. బావమరిది మర్నాడు తన గుమ్మం ముందు, తన పాదాల వరకే వెలుగు పడేంత చిన్న దీపం పెట్టుకున్నాడు. "చైనీసుకు వ్యాకరణం లేదు, అది సంతలో అరుపు" అని మాస్టారు పాఠంలో చెప్తే, "మీకొచ్చిన ఆ లిపి ఎక్కణ్ణుంచి వెళ్ళిందో మీ మాస్టార్ని అడగండి" అని అవతలి గదిలోంచి జవాబు.

రెండు వేల పది లెక్కలు బయటికొచ్చిన రోజు సాయంత్రం మాస్టారు మెట్లెక్కుతూ ఆగిపోయాడు. ఒకప్పుడు ఎర్రసిరా కాగితం అంటించిన చోటే పత్రికలోంచి కత్తిరించిన వార్త ఉంది. జపాన్‌ను దాటి చైనా రెండో స్థానంలోకి వచ్చింది. జపాన్ మూడోది.

"ఎవడ్రా ఇది అంటించింది?"

బావమరిది పైమెట్టు మీద నిలబడి టీ తాగుతున్నాడు. "నేనే బావా. చేతిరాత రానివాణ్ణి కదా, వంకరగా అంటించానేమో చూడు."

"డాలర్లలో కొలిస్తే ఎవడైనా ఎక్కుతాడు! రూకల విలువ ఇవాళ ఒకలా ఉంటుంది, రేపొకలా ఉంటుంది."

"ఇన్నేళ్ళూ నీ నిచ్చెన కొలిచింది కూడా డాలర్లలోనే కదా. అప్పుడు కమ్మగా ఉందా?"

"తలకెంతో లెక్కెయ్యి! మావాడొక్కడి రాబడి మీవాళ్ళు పదిమందికి సమానం."

"మరి నీ తలకెంత బావా?"

కింద విద్యార్థులు పోగయ్యారు. మాస్టారు గోడ కేసి తిరిగాడు. వార్తను గోళ్ళతో గీరి చింపాడు. బావమరిది కప్పు గోడ మీద పెట్టి, ఎవరూ అనకూడని మాట అనేశాడు. "మావాళ్ళు, మావాళ్ళు అంటావ్. మీవాళ్ళ ఊళ్ళో ఒక్క కప్పు టీ తాగావా ఎప్పుడైనా? చూడని ఊరికి చుట్టరికం ఏంటి బావా?"

మాస్టారు చింపిన ముక్కలను ఉండ చుట్టి జేబులో కుక్కుకున్నాడు. పాఠం చెప్పకుండానే మెట్లు దిగిపోయాడు.

ఆ పూట ఇంట్లో కంచం తోసేశాడు. భార్య దాన్ని తీసి గిన్నెలతోపాటు కడిగేసింది. ఇద్దరి మధ్యా నలిగి నలిగి ఆమెకు జాలి అరిగిపోయింది. "ఆ రెండు దేశాల్లో ఒక్కడికైనా మీరిద్దరున్నారని తెలుసా? వాళ్ళెవరో ఎక్కుతారు, దిగుతారు. నా ఇంట్లో పళ్ళాలు పగుల్తాయేంటి?"

"నీ తమ్ముడికి చెప్పు."

"చెప్పాను. వాడు మిమ్మల్నడగమన్నాడు."

తరవాతి రెండేళ్ళలో మాస్టారి విద్యార్థులు వరండా దాటి అవతలి గదిలోకి జారుకున్నారు. కొందరు మొహమాటానికి దణ్ణం పెట్టి మరీ వెళ్ళారు. చిన్న గది పట్టక బావమరిది తరగతులు మెట్ల మీదికి పారాయి. కొట్టాయన ఒకరోజు పైకొచ్చి, హాల్లో ఖాళీ బల్లలను లెక్కపెట్టినట్టు చూసి, "గదులు మార్చుకోండి" అన్నాడు. అడగలేదు, చెప్పాడు.

సామాను మార్చిన రోజున ఇద్దరూ ఒకరి బల్లలొకరు దాటుకుంటూ, ఒకరి మొహమొకరు చూడకుండా మోసుకున్నారు. అంతా అయ్యాక మాస్టారికి నిచ్చెన బల్ల గుర్తొచ్చింది. అది గోడకు బోల్టులేసి బిగించింది. ఫిట్టరుగా తన చేత్తో తానే బిగించుకున్నాడు. పానా తీసుకుని హాల్లోకి వెళ్ళేసరికి బావమరిది అప్పటికే రెండో మెట్టు మీద జపాన్ పేరు చెరిపి, చైనా అని రాసి, సుద్ద దులుపుకుంటున్నాడు. రాత గుండ్రంగా, తీరుగా ఉంది.

మాస్టారు అరచేత్తో ఆ పేరు తుడిచేశాడు. బావమరిది మళ్ళీ రాశాడు. మాస్టారు మళ్ళీ తుడిచాడు. ఇద్దరు పెద్దమనుషులు, ఒకరు నెరిసిన తలతో, ఒకరు నెరవబోతూ, చిన్నపిల్లల్లా ఒక పలక మీద పడి కుమ్ములాడుతుంటే తలుపు దగ్గర జనం చేరారు. నవ్వులు వినిపించాయి. ఆ నవ్వుకే మాస్టారి కళ్ళు మూసుకుపోయాయి. బావమరిదిని రెండు చేతుల్తో తోసుకుంటూ వరండాలోకి తెచ్చాడు. అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. ఆపలేదు. వాడు వెనక్కి మెట్ల మీద పడ్డాడు. పడుతూ గోడకు చెయ్యి ఆనించాడు. ఎముక విరిగిన చప్పుడు పైన ఉన్నవాళ్ళకు కూడా వినబడింది.

భార్య పరుగెత్తుకొచ్చింది. తమ్ముణ్ణి లేపి కూర్చోబెట్టి, వంకరగా వేలాడుతున్న చేతిని తన ఒళ్ళో పెట్టుకుని పైకి చూసింది. "దిగి రండి" అంది. మాస్టారు దిగలేదు. ఆసుపత్రికి వెళ్ళలేదు. పోలీసులదాకా పోకుండా అక్కే అడ్డుపడింది. "నా మొగుణ్ణి స్టేషన్లో కూర్చోబెడితే అన్నం క్యారేజీ మోసుకెళ్ళాల్సింది నేనే కదరా" అందట. అంతే తప్ప మాస్టారిని వెనకేసుకు రాలేదు. ఆ చెయ్యి అతుక్కుంది గానీ మోచేయి పూర్తిగా చాపడం వాడికి మళ్ళీ రాలేదు. బోర్డు మీద పై వరుస రాయాలంటే స్టూలెక్కేవాడు.

మాస్టారు క్షమించమని అడగలేదు. అడగాలని అనుకున్నాడో లేదో ఎవరికీ తెలియదు. ఆ ఏడాదే భార్య హాల్లో తమ్ముడి ఆఫీసు బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. ఫీజులు తీసుకోవడం, తాళాలు వేయడం ఆమె పని. మధ్యాహ్నం వెనక గదికి క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళేది. "కూరలో ఉప్పు లేదు" అంటే "బజార్లో ఉంటుంది" అనేది.

చిన్న గదిలో మాస్టారు పదేళ్ళు పక్క మేడ గోడను చూస్తూ గడిపాడు. వచ్చే ఇద్దరు ముగ్గురూ జపాన్ బొమ్మల సినిమాలు చూసి ముచ్చటపడ్డ పిల్లలు. "బొమ్మలు చూసి భాషకు రావడమేంటి, మీగడ కోసం గేదెను పెళ్ళాడినట్టు" అని తిట్టిపోసేవాడు. వాళ్ళు నోరెళ్ళబెట్టి, ఆ తిట్టును జపనీసులో ఏమంటారని అడిగేవాళ్ళు. ఇంకా మండేది. ఒకమ్మాయి జుట్టుకు నీలం రంగు వేసుకొచ్చిందని బయటికి గెంటేశాడు. అది పోతే బల్ల ఖాళీ అని తెలిసీ గెంటేశాడు.

ఒక ఉదయం గడ్డం గీసుకుంటుంటే రేడియోలో చెప్పారు: కిందటేడు లెక్కల్లో జర్మనీ జపాన్‌ను దాటింది. జపాన్ నాలుగోది. వాళ్ళ రూక, యెన్, పడిపోవడం ఒక కారణమట. జనంలో ముసలివాళ్ళు ఎక్కువై పనిచేసే చేతులు తగ్గడం ఇంకో కారణమట. మాస్టారు సగం గడ్డంతోనే బయల్దేరాడు. మెట్ల దగ్గర గోడ కేసి చూశాడు. ఈసారి అక్కడేమీ లేదు. పైకెళ్ళి వరండాలో నిలబడ్డాడు. హాల్లో బావమరిది స్టూలెక్కి రాసుకుంటున్నాడు, తిరిగి కూడా చూడలేదు. ఎత్తిపొడవడానికి కూడా పనికిరాకుండా పోయానని మాస్టారికి అర్థమైంది. పోట్లాడేవాడున్నంతకాలం మనిషికి కాస్త ఒడ్డూ పొడవూ ఉంటాయి. ఆ పూట అవీ పోయినట్టనిపించింది.

అదే ఏడాది మెట్లెక్కి ఒకావిడ వచ్చింది. నర్సులనూ ఆయాలనూ విదేశాల్లో పనులకు కుదిర్చే ఏజెంటు. "జపాన్లో వృద్ధాశ్రమాలకి మనుషులు కావాలంటున్నారు మాస్టారూ. కానీ భాష రాకపోతే తీసుకోరు. ఇరవైమంది అమ్మాయిలున్నారు. నేర్పుతారా?"

మాస్టారికి ముందు ఆశ పుట్టింది. దాని వెనకే కోపం తోసుకొచ్చింది. కోట్లు వేసుకున్న మేనేజర్లకు మర్యాదగా వంగడం, వ్యాపారపు లేఖ ముగించడం నేర్పిన నోరు అది. "ముసలాళ్ళ మలమూత్రాలు ఎత్తడానికా నా భాష? పోయి ఇంకెవర్నైనా చూసుకోండి."

ఏజెంటు వెనక ఆసుపత్రిలో ఆయాగా చేసిన ఒకమ్మాయి నిలబడి ఉంది. బలమైన భుజాలు, నిదానమైన గొంతు. "ఎత్తకపోతే మంచంలోనే ఉంటుంది మాస్టారూ" అంది. "పెద్ద దేశమైనా అంతే, చిన్న దేశమైనా అంతే."

"బయటికి నడు!"

నడిచారు. వరండా దాటి హాల్లోకి వెళ్ళి బావమరిదిని అడిగారు, ఇంకెవరైనా ఉన్నారా అని. తలుపు సందులోంచి జవాబు మాస్టారి చెవిన పడింది. "ఈ ఊళ్ళో ఆ భాష సరిగా వచ్చినవాడు ఆయనొక్కడే. మనిషి పరమ దుర్మార్గుడు. నా చెయ్యి చూడండి. కానీ పాఠం మాత్రం ఆయన దగ్గరే వినండి."

మాస్టారు గుమ్మంలోకి వచ్చాడు. "వాడి సిఫార్సు నాకక్కర్లేదు!" అని అరిచి, ఒక్క క్షణం ఆగి, ఏజెంటు కేసి చూడకుండా "సోమవారం నుంచి. ఆలస్యంగా వస్తే తలుపు వేసేస్తా" అన్నాడు.

ఇరవైమంది చిన్న గదిలో పట్టలేదు. సగంమంది వరండాలో, మెట్ల మీద కూర్చుని విన్నారు. హాలు ఉదయం పూట ఖాళీయే. అడగాలి. మాస్టారు అడగడు. వారం చూసి భార్య తన తాళంచెవుల గుత్తితో వచ్చి హాలు తలుపు తెరిచింది. "వెళ్ళండమ్మా, లోపల కూర్చోండి." మాస్టారు గుమ్మం దగ్గరే తటపటాయించాడు. "మిమ్మల్ని కాదు, వాళ్ళని రమ్మన్నాను" అంది ఆమె. "మీకిష్టమైతే వాళ్ళ వెనకే రండి."

వెళ్ళాడు. నిచ్చెన బల్ల అక్కడ లేదు. ఎప్పుడో తీసేసి తెల్లబోర్డు పెట్టారు. ఎప్పుడు తీశారని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

మొదటి నెలలు నరకమే. ఆయన పాత పుస్తకంలో ఎగుమతి ఒప్పందాలున్నాయి గానీ కట్టుడుపళ్ళు లేవు. "పక్కకు తిప్పుతున్నాను, భయపడకండి" అని ఎలా చెప్పాలో ఆ పుస్తకం చెప్పలేదు. ఆయా అమ్మాయి అడిగే ప్రతి ప్రశ్నకూ ఆయన దగ్గర మాట ఉండేది కాదు. "నీకెందుకది?" అని కసిరేవాడు. మర్నాడు ఎక్కడో వెతికి తెచ్చి, బోర్డు మీద రాసి, "ఇదిగో, ఏడువు" అనేవాడు. ఆమె రాసుకునేది, ఏడ్చేది కాదు. పాత అలవాటుగా జేబులో తెచ్చుకున్న సుద్దముక్క విసిరితే పట్టుకుని తిరిగి బల్ల మీద పెట్టేది.

"మాస్టారూ, మేం వెళ్ళేది ఎన్నో నంబరు దేశానికి?" అని ఒకమ్మాయి అడిగింది ఒకనాడు.

మాస్టారు బోర్డు కేసి తిరిగాడు. "నాలుగు. ఐదుకి కూడా దిగొచ్చంటున్నారు."

"అక్కడ ముసలాళ్ళు ఎక్కువమందే కదా?"

"చాలా ఎక్కువ."

"అయితే సరే" అని ఆ అమ్మాయి పుస్తకంలో తల దూర్చేసింది. మాస్టారు ఆ జవాబుకు విసరడానికి సుద్ద తీసి, ఏం తప్పు పట్టాలో తెలియక మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

పరీక్షకు ముందు వాళ్ళకు రోగితో మాట్లాడడం అభ్యాసం కావాలి. ఒకరు ముసలివాడిగా పడుకోవాలి. అమ్మాయిలు ఒకరికొకరు పడుకుంటే నవ్వులే తప్ప పని సాగలేదు. చివరికి ఆయా అమ్మాయి రెండు బల్లలు కలిపి దుప్పటి పరిచి, "మీరు పడుకోండి మాస్టారూ" అంది.

"నేనా?"

"మీ అంత బాగా ఎవరూ చెయ్యలేరు."

ఆ మాటలో మెచ్చుకోలెంతో ఎత్తిపొడుపెంతో తేల్చుకోలేక ఆయన పడుకున్నాడు. వెన్ను బల్లకు తగిలి నొప్పి పుట్టింది. పైకప్పు తప్ప ఏమీ కనబడలేదు. చుట్టూ ముఖాలు వంగాయి. ఆ అమ్మాయి ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఆయన నేర్పిన భాషలోనే, ఆయన నేర్పని మెత్తని గొంతుతో ఎక్కడ నొప్పిగా ఉందని అడిగింది. మాస్టారు అదే భాషలో పొమ్మన్నాడు. నీళ్ళు తాగుతారా అంది. నీ చేతి నీళ్ళు నాకొద్దన్నాడు. దిండు సర్దనా అంది. ముట్టుకుంటే చెయ్యి విరుస్తానన్నాడు. నటన అక్కర్లేకుండానే ఏళ్ళ తరబడి పేరుకున్నదంతా, రష్యన్ మేడమ్ గది మొదలు రేడియో వార్త దాకా, తిట్లుగా పొంగుకొచ్చింది. అమ్మాయి బెదరలేదు. ఒక్కో తిట్టునూ శ్రద్ధగా విని, "అలాగేనండీ" అని, దిండు సర్దేసింది. ఇరవైమందీ చూస్తూ, తిట్టు తిట్టుకీ జవాబు రాసుకున్నారు. ఇంతకన్నా మంచి పాఠం ఆయన తన జన్మలో చెప్పలేదు.

అప్పుడు గుమ్మంలో నీడ పడింది. బావమరిది. వాడి తరగతికి ఇంకా వేళ కాలేదు. వంకర మోచేత్తో పుస్తకాలు పట్టుకుని, బల్ల మీద దుప్పటి కప్పుకుని పడుకున్న బావను తేరిపార చూశాడు.

మాస్టారు తలెత్తి జపనీసులో ఒక మాట అన్నాడు. చాలా పాత మాట. ఇంజనీరు కూడా ఒక్కసారే వాడాడు, వేలు యంత్రంలో పడ్డప్పుడు.

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు బావమరిది.

ఆయా అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. "కాళ్ళు చల్లగా ఉన్నాయట అండీ" అని, దుప్పటి కిందికి లాగి మాస్టారి పాదాలు కప్పింది.

"అబద్ధం!" అని మాస్టారు లేవబోయాడు. నడుం పట్టేసింది. సగం లేచి అలాగే ఆగిపోయి, పళ్ళ బిగువున మూలిగాడు. అమ్మాయిలు తడబడ్డారు. బావమరిది పుస్తకాలు కింద పెట్టి రెండడుగులు వేశాడు, మంచి చెయ్యి ముందుకు చాచి.

"నువ్వు రాకు" అన్నాడు మాస్టారు. తెలుగులోనే.

వాడు ఆగిపోయాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "పడి ఉండు అయితే" అని, ఆఫీసు బల్ల దగ్గరున్న అక్క కేసి చూశాడు. ఆమె లేవలేదు. ఫీజు రసీదు రాయడం పూర్తిచేసి, చించి, ఎదుటివాళ్ళకు ఇచ్చింది.

ఆయా అమ్మాయి ఒక చెయ్యి మాస్టారి వీపు కిందికి, ఒక చెయ్యి మోకాళ్ళ కిందికి పోనిచ్చింది. "పక్కకు తిప్పుతున్నాను, భయపడకండి" అంది జపనీసులో.

"ఉచ్చారణ తప్పు" అన్నాడు మాస్టారు, ముఖం నొప్పితో ముడుచుకుపోతుండగా. "మళ్ళీ చెప్పు."